బ్యాటరీ కుర్చీ – ఒక గుమాస్తా మనవి

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మన విశ్రాంత ఉద్యోగుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా బయటికొచ్చినవాడిని. ప్రమోషన్ వస్తే బదిలీ వస్తుందని రెండుసార్లు వదులుకున్నాను. సముద్రపు గాలి, రాత్రి పూట చేపల పులుసు వదులుకోలేని దురాశ అది. ముప్పై ఆరేళ్ళూ ఫైళ్ళు రాయడమే గాని మైకు ముందు నిలబడిన పాపాన పోలేదు. కార్యదర్శిగారు 'ఈసారి నువ్వు మాట్లాడి తీరాలి' అని పట్టుబట్టడం వల్ల, నాకు నిజంగా తెలిసిన ఒక్క విషయం మీద మాట్లాడదామని వచ్చాను. మా చెల్లెలి కూతురి చక్రాల కుర్చీ గురించి. బ్యాటరీతో నడిచే కుర్చీ గురించి.

పింఛను దినం నాడు కుర్చీ గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది, మనవి చేస్తాను. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పబట్టే మనం ఏటా ఈ రోజున ఇలా కలుసుకుంటున్నాం. పింఛను సర్కారువారు దయతలచి వేసే భిక్ష కాదు, అది హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ ధర్మాసనానికి అప్పటి ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్ గారు అధ్యక్షులు, మన తెలుగువారు ఓ.చిన్నపరెడ్డి గారు అందులో ఒకరు. నలభై రెండేళ్ళ తర్వాత, 2024 నవంబరు 8న, రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు మరో తీర్పు చెప్పింది. వికలాంగులు భవనాల్లోకి, బస్సుల్లోకి, ఆఫీసుల్లోకి రాగలిగేటట్టు చేయడం 'వీలుంటే చేయండి' అనే సలహాగా ఉండకూడదు, తప్పక పాటించవలసిన నిబంధనగా ఉండాలి అని. ఈ ధర్మాసనానికి అధ్యక్షత వహించినది ఆ వై.వి.చంద్రచూడ్ గారి కుమారులు డి.వై.చంద్రచూడ్ గారు. తండ్రిగారి తీర్పు మన పింఛనుకు వచ్చింది. కొడుకుగారి తీర్పు మా మేనకోడలి కుర్చీకి వచ్చింది. రెండింటి సారం ఒకటే: దయ వేరు, హక్కు వేరు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా చెల్లెలి ఊరు సముద్రానికి దగ్గర. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, ఆ పక్కన రొయ్యల గుంటలు, ఆపైన ఇసుక దిబ్బలు. మా బావగారు మనలాగే ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై, ఆరేళ్ళ క్రితం కాలం చేశారు. వారికి ఒక్కతే కూతురు. ఎం.ఏ. చదివి ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేది. 2010లో, పెళ్ళి మాటలు జరుగుతున్న రోజుల్లో, ఒకనాడు 'ఎడమ కంటికి మసకగా ఉందమ్మా' అంది. అద్దాలు మార్పించారు. నెలకు అదే సర్దుకుంది. మరుసటి సంవత్సరం కుడికాలు తిమ్మిరి. వాతం అన్నారు, నూనె మర్దన చేయించారు. అదీ తగ్గింది. ఆపై ఏడాది రెండు కాళ్ళూ బరువెక్కాయి. దిష్టి అన్నారు, గ్రహం అన్నారు, తాయెత్తు కట్టించారు. వచ్చినప్పుడల్లా కొంత తగ్గేది, తగ్గినప్పుడల్లా కొంత మిగిల్చి పోయేది. 2013లో చెన్నై తీసుకుపోయి మెదడుకు, వెన్నుపాముకు ఎం.ఆర్.ఐ. తీయిస్తే అప్పుడు పేరు బయటపడింది. మల్టిపుల్ స్క్లెరోసిస్. క్లుప్తంగా ఎం.ఎస్. అంటారు.

నాకు ఆ డాక్టరుగారు చెప్పినట్టే మీకు చెబుతాను. ఇంట్లో కరెంటు తీగకు పైన రబ్బరు తొడుగు ఉంటుంది. ఎలుక ఆ తొడుగును అక్కడక్కడా కొరికితే లోపల తీగ బాగానే ఉన్నా లైటు ఒకసారి వెలుగుతుంది, ఒకసారి మినుకుతుంది, ఒకసారి ఆరిపోతుంది. మన నరాలకూ అలాంటి తొడుగు ఉంది. దాని పేరు మైలిన్. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి ఆ తొడుగును కొరికేస్తుంది. ఎలుక బయటిది కాదు, ఇంట్లో కాపలాకు పెట్టుకున్న పిల్లే ఆ పని చేస్తుందన్నమాట. 1868లో పారిస్ డాక్టరు షార్కో గారు ఈ జబ్బును విడదీసి వర్ణించారు. ఇది ముసలివాళ్ళ జబ్బు కాదు. ఎక్కువగా ఇరవైకీ నలభైకీ మధ్య వయసులో మొదలవుతుంది. మగవారికంటె ఆడవారికి రెండు మూడింతలు ఎక్కువ. 2020 నాటి లెక్క ప్రకారం ప్రపంచంలో 28 లక్షల మందికి ఉంది. చలి దేశాల జబ్బనీ మన దేశంలో లేదనీ ఒకప్పుడు అనుకునేవారు. బొంబాయిలో డాక్టర్ నోషిర్ వాడియా వంటివారు మన దేశంలోనూ ఉందని, పార్సీలలో ఇంకా ఎక్కువని చూపించారు. 1993 నుంచి దీని వేగాన్ని తగ్గించే మందులు రావడం మొదలైంది. ఈనాడు చాలామందికి ఆ మందులతో ఏళ్ళ తరబడి నడక నిలుస్తోంది. పూర్తిగా నయం చేసే మందు మాత్రం లేదు. మా అమ్మాయి పేరు బయటపడేసరికే మూడేళ్ళు ఆలస్యమైంది. జబ్బూ మొండిదే.

ఈ జబ్బుకు మన కోస్తావాళ్ళకు ఒక ప్రత్యేక శాపం ఉంది. ఒళ్ళు వేడెక్కితే లక్షణాలన్నీ పెరుగుతాయి. 1890లో ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు దీన్ని కనిపెట్టారు. ఎం.ఆర్.ఐ. లేని కాలంలో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి చూపు తగ్గుతుందా, కాళ్ళు సడలుతాయా అని చూసి జబ్బు పోల్చేవారట. మన రోహిణి కార్తెలో తొట్టి ఎందుకు, వాకిలి చాలు. మే నెలలో మధ్యాహ్నం మా అమ్మాయికి చెంచా పట్టుకునే శక్తి ఉండదు, సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే మళ్ళీ చేయి లేస్తుంది. పొద్దున కనిపించిన మనిషి వేరు, మధ్యాహ్నం కనిపించే మనిషి వేరు. అందుకే చుట్టాలు 'పొద్దున బాగానే ఉందే, నాటకాలాడుతోందా' అన్నారు. ఆ మాట అన్నవారిలో, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒకరోజు నేనూ ఉన్నాను.

ఈ జబ్బు ఎంతవరకు వచ్చిందో కొలవడానికి 1983లో కుర్ట్‌జ్కీ అనే అమెరికా డాక్టరు ఒక కొలబద్ద తయారు చేశారు. సున్నా నుంచి పది దాకా. ఆరు దగ్గర చేతికర్ర కావాలి. ఆరున్నర దగ్గర రెండువైపులా ఆధారం. ఏడు దగ్గర చక్రాల కుర్చీ. ఏడున్నర దగ్గర మోటారు కుర్చీ అవసరం కావచ్చునని ఆ కొలబద్దలోనే రాసి ఉంది. ఎనిమిది దగ్గర మంచమో కుర్చీయో, అంతే. గమనించండి, ఎనిమిది దగ్గర 'మంచం' అని కాదు, 'మంచం గాని కుర్చీ గాని' అని. ఆ రెండింటికీ నడుమ ఉన్న తేడాయే నా ప్రసంగమంతా.

2015లో కర్ర వచ్చింది. 2018లో చేత్తో తోసుకునే కుర్చీ. 2019లో ఒక శిబిరంలో పుణ్యాత్ములెవరో మోటారు మూడు చక్రాల బండి ఇప్పించారు. దండ వేసి, ఫోటో తీసి ఇచ్చారు. వారి మనసును నేను తప్పుపట్టను. కాని ఆ బండి సీటు ఎత్తు, ఎక్కించడానికి ఇద్దరు కావాలి. పక్కకు ఒరిగితే ఆపే ఆధారం లేదు. హ్యాండిల్ రెండు చేతులతో బిగించి పట్టుకోవాలి. పైగా అది ఇంట్లోకి రాదు. పోలియో వచ్చి కాళ్ళు మాత్రమే పోయి చేతులు ఉక్కులా ఉన్నవారికి అది రథమే. చేతులూ నడుమూ కూడా సడలిన మనిషికి అది వేపచెట్టు కింద నిలబెట్టిన ఇనుము. ఉప్పు గాలికి ఆరు నెలల్లో తుప్పు పట్టింది. ఒకరి కాలికి కొలిచిన చెప్పు ఇంకొకరికి ఇచ్చి 'చెప్పులు ఇచ్చాం' అని రిజిస్టరులో రాసుకున్నట్టు అయింది.

2022 నాటికి చేతులు కూడా కుర్చీ చక్రాలు తిప్పలేకపోయాయి. డెబ్బై దాటిన మా చెల్లెలు తోయాలి. చెల్లెలు వంటింట్లో ఉంటే అమ్మాయి వసారాలో. ఎండ మీదికొస్తే జరగలేదు, ఈగ వాలితే తోలలేదు. ఒకరోజు నేను పోయేసరికి వసారా ఎండలో చెమటతో తడిసి కూర్చుని ఉంది. 'అమ్మను పిలవలేదా?' అన్నాను. అది అన్నమాట నాకింకా చెవిలో ఉంది. 'పొద్దున్నుంచి పదకొండుసార్లు పిల్చినా మామా. పన్నెండోసారి పిలవడానికి నోరు రాలా.'

లెక్కలు రాసిన చేతులు నావి. ఆ పదకొండు అంకె ముందు నా లెక్కలన్నీ తీసికట్టనిపించింది. ఆ రాత్రే బ్యాటరీ కుర్చీ సంగతి కనుక్కోవడం మొదలుపెట్టాను.

బ్యాటరీ కుర్చీ నిన్న మొన్నటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మెడ దగ్గర వెన్ను విరిగి చేతులు కూడా పనిచేయని సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ అనే ఇంజనీరు, అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థలో, దాన్ని రూపొందించారు. 1933లో మడిచిపెట్టే కుర్చీ చేసిన అమెరికా కంపెనీ ఎవరెస్ట్ అండ్ జెన్నింగ్స్ 1956 ప్రాంతంలో మోటారు కుర్చీ అమ్మకానికి తెచ్చింది. ఆ ఎవరెస్ట్ గారు గనిలో ప్రమాదానికి గురై తాను కూడా కుర్చీలోనే ఉన్న ఇంజనీరు. అవసరం పడ్డవాడే సరైన వస్తువు చేస్తాడనడానికి ఇదొక తార్కాణం. మన దేశంలో కాన్పూరులో 1972లో స్థాపించిన అలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వికలాంగుల పరికరాలు తయారు చేస్తోంది. మనకు దగ్గరలో మద్రాసు ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ గారి కేంద్రం 2019లో నిలబెట్టే కుర్చీని తెచ్చింది. అక్కడినుంచే వచ్చిన నియోమోషన్ అనే సంస్థ మనిషి కొలతకు తగ్గ కుర్చీలు చేస్తోంది. నెల్లూరులో రైలెక్కితే మధ్యాహ్న భోజనానికి చేరగలిగిన దూరంలో ఇంత పని జరుగుతోంది. మనకు తెలియదు, అంతే.

కుర్చీ పనితీరు సులభం. వెనక రెండు చక్రాలకు రెండు మోటార్లు. పన్నెండేసి వోల్టుల బ్యాటరీలు రెండు. చేతి దగ్గర చిన్న పుల్ల, జాయ్‌స్టిక్ అంటారు. ముందుకు వంచితే ముందుకు, పక్కకు వంచితే ఒక చక్రం ఎక్కువ తిరిగి మలుపు. పుల్ల వదిలేస్తే బ్రేకు తనంతట తానే పడుతుంది. వేలు కదపగలిగితే చాలు. వేలు కూడా కదలనివారికి గడ్డంతో, తలతో, చివరికి గొట్టంలో ఊపిరి ఊది పీల్చి నడిపే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఖరీదైన కుర్చీలలో సీటు మొత్తం వెనక్కి వాలుతుంది. అది విలాసం కాదు. కదలలేని మనిషి ఒకేచోట గంటల తరబడి కూర్చుంటే ఒత్తిడి పుండ్లు పడతాయి. ఎం.ఎస్.లో స్పర్శ కూడా తగ్గుతుంది కనుక పుండు పడినా తెలియదు. వాల్చుకుంటే బరువు తొడల మీదినుంచి వీపు మీదికి మారుతుంది. ఆ పని తన వేలితో తాను చేసుకోగలగడం ఆయుష్షుకు సంబంధించిన మాట.

మాకు మొత్తం లక్షా ముప్పై అయిదు వేలయింది. నా ఎఫ్.డి. ఒకటి విరిచాను, మిగతాది బావగారు దాచిన సొమ్ము. కొనేముందు చేసిన మంచిపని ఒకటి, కొన్నాక తెలిసిన తప్పులు కొన్ని చెబుతాను. మీలో ఎవరికైనా ఉపయోగపడవచ్చు.

మంచిపని ఏమంటే, ఫోన్లో ఆర్డరు పెట్టకుండా చెన్నై తీసుకుపోయి కూర్చోబెట్టి కొలిపించాము. తొడ పొడవు, నడుము వెడల్పు, మోకాలి ఎత్తు. వాళ్ళు చూసి కుడిచేయి వణుకుతోంది కనుక పుల్ల ఎడమవైపు పెట్టాలన్నారు. వణుకును లెక్కపెట్టకుండా ఉండేటట్టు, వేగం మించకుండా ఉండేటట్టు లోపల సర్దారు. ఇది చేయించకపోతే లక్ష రూపాయల కుర్చీ కూడా ఆ మూడు చక్రాల బండికి జత అయ్యేది.

ఇక తప్పులు. కుర్చీ ఇంటికి వచ్చాకగాని ఇల్లు గుర్తు రాలేదు. వరద నీళ్ళకు భయపడి మా బావగారు పునాది రెండడుగులు ఎత్తు కట్టారు. మెట్లు నాలుగు. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలుబాట కావాలి. రెండడుగులకు ఇరవై నాలుగు. వాకిలి చూస్తే పదిహేనడుగులే. మేస్త్రీ ఏటవాలుగా కట్టేద్దామన్నాడు. కూడదన్నాను. ఏటవాలు బాట మీద కుర్చీ వెనక్కి తిరగబడితే మనిషి దక్కదు. మధ్యలో చదునుగా మలుపు పెట్టి ఎల్ ఆకారంలో కట్టించాము.

అటుపైన గడప. మన ఇళ్ళలో గడప అంటే లక్ష్మి. శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టేది. దాన్ని తీసేయాలంటే మా చెల్లెలు ఒప్పుకోలేదు. 'ఆయన పెట్టించిన గడపన్నా అది' అని ఏడ్చింది. వడ్రంగే దారి చూపించాడు. గడప అలాగే ఉంచి రెండువైపులా వాలు చెక్కలు దిగ్గొట్టాడు. ఇప్పుడు ఆ చెక్కలకు కూడా పసుపు రాస్తోంది మా చెల్లెలు. శాస్త్రం ఒప్పుకుందో లేదో తెలియదు గాని చక్రం మాత్రం ఒప్పుకుంది.

మరో మాట. కుర్చీ తెస్తే ఇక నడవడం మానేసి సోమరి అవుతుందని మా బంధువులు భయపెట్టారు. ఇది చాలా ఇళ్ళలో వినబడే మాట. ఎం.ఎస్. అలసట మనం పొలం గట్టున నడిచివచ్చిన అలసట వంటిది కాదు. ఉన్న కొద్ది శక్తీ మంచం నుంచి వసారాకు చేరడానికే ఖర్చయిపోతే పుస్తకం పట్టుకునే చేయి ఉండదు, మాట్లాడే నోరు ఉండదు. నెలజీతం అంతా బస్సు ఛార్జీకే పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? కుర్చీ వచ్చాక ఆ మిగిలిన శక్తితో మా అమ్మాయి సాయంత్రం ఎనిమిది మంది పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. సోమరితనం ఇదైతే మనందరికీ రావాలి.

మొదటి వారం తులసికోటకు ఒకసారి, రుబ్బురోలుకు రెండుసార్లు గుద్దింది. మేనమామ కాలి బొటనవేలు ఒకసారి. మూడో వారానికి వసారా నుంచి వంటింట్లోకి తనే వచ్చింది. మా చెల్లెలు పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి చూసి ఏమీ అనలేదు. గ్లాసులో కాఫీ పోసి చేతికిచ్చింది. అంతే జరిగింది. అయినా కొన్నేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల పిలవకుండా వంటింట్లోకి వచ్చింది.

కోస్తా కష్టాలు వేరే ఉన్నాయి. ఇసుకలో ముందు చిన్న చక్రాలు దిగబడిపోతాయి. కనుక సముద్రం చూడాలంటే తారురోడ్డు ఆగినచోటే ఆగాలి. ఉప్పు గాలికి వైరు చివర్లు పాచిపడతాయి, వారానికోసారి పొడిగుడ్డతో తుడవాలి. రాత్రంతా ఛార్జింగు పెట్టాలి, కరెంటు పోతే మర్నాడు ప్రయాణం లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఒక పాఠం నేర్చుకున్నాము. ముందురోజే బ్యాటరీ నిండా ఎక్కించి పెట్టాం, అది మంచిదే అయింది. కాని తుపాను భవనానికి మెట్లు. కుర్చీ అరవై కిలోల పైచిలుకు, అమ్మాయి వేరే. నలుగురు కుర్రాళ్ళు పాత మడతకుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకుపోయారు. కనుక పాత కుర్చీ పారేయకండి. తుపానుకు కట్టిన భవనంలోకి తుపానులో అందరికంటె ముందు పోవలసినవారు పోలేకపోతే అది ఎవరికోసం కట్టినట్టో మన ఇంజనీరు మిత్రులు ఆలోచించాలి.

ఇంతదాకా మా ఇంటి సంగతి. ఇక నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఈ వేదిక ఎక్కడానికి ఒప్పుకున్నది నిజానికి ఇందుకే.

1998లో నేనొక ఆఫీసులో సంక్షేమ సెక్షను చూస్తున్నాను. వికలాంగుల చట్టం 1995లో వచ్చి, 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలులోకి వచ్చిన కొత్తరోజులు. ఒకనాడు తీరప్రాంతం నుంచి ఒకాయన భార్య తరఫున దరఖాస్తు తెచ్చాడు. మద్రాసు డాక్టరు రాసిన కాగితం జతచేసి ఉంది. అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఉంది. నేను చట్టం తీశాను. చలన వైకల్యం అనే మాటకు నిర్వచనం చూశాను. ఎముకలు, కీళ్ళు, కండరాలు అని ఉంది. నరాలు అనే మాట లేదు. ఏడు రకాల జాబితాలో ఈ జబ్బు పేరు లేదు. ఎంత తెలివైనవాడినో అనుకుంటూ 'జాబితాలో లేని కారణంగా తిప్పి పంపడమైనది' అని నోట్ రాసి పైకి పెట్టాను. సంతకం అయింది. ఆయన అడిగాడు: 'అయ్యా, నరం చచ్చిపోతే కండ కదల్దు గదయ్యా. ఆమె నడవలేదు, అదొక్కటీ చూడండయ్యా.' నేను చట్టం పుస్తకం ఆయనవైపు తిప్పి వేలుపెట్టి చూపించాను. ఆయనకు చదువు రాదు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ నిర్వచనాన్ని ఈమధ్య మళ్ళీ చదివాను. కాళ్ళుచేతుల కదలికకు గట్టి ఆటంకం అన్న మాట కూడా అందులోనే ఉంది. అది నాకు ఆనాడు కనబడలేదు. కనబడాలని నేను చూడలేదు. అనుమానం ఉంటే డాక్టరు బోర్డుకు పంపవచ్చు. ఒక లైను రాస్తే సరిపోయేది. తిరస్కరించడానికి చూపిన తెలివిలో సగం ఇప్పించడానికి చూపి ఉంటే ఆ ఇల్లాలికి ఏదో ఒకటి అంది ఉండేది. పదిహేనేళ్ళ తర్వాత చెన్నైలో ఆ జబ్బు పేరు డాక్టరుగారి నోట వినగానే నాకు ముందు గుర్తుకు వచ్చింది మా అమ్మాయి కాదు, చదువురాని ఆ మనిషి పెట్టిన దణ్ణం.

మిత్రులారా, చట్టం మారింది. 2016 చట్టంలో వైకల్యాలు ఇరవై ఒకటి. అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు పెట్టి మరీ రాశారు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. చట్టం మారినంత త్వరగా మెట్లు మారవు. మా అమ్మాయిని పరీక్షకు తీసుకుపోయినప్పుడు, ఆ చోటు పేరెందుకులెండి, నడవలేనివారిని నిర్ధారించే బోర్డు మేడమీద ఉంది, లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కి వస్తేనే మెట్లెక్కలేవని రాసిస్తారన్నమాట. ఒక యువ డాక్టరు కిందికి దిగివచ్చి చెట్టు నీడన పరీక్ష చేశాడు. ఆయన చల్లగా ఉండాలి. అటువంటి ఒక్క మనిషి ఉంటే చట్టం నడుస్తుంది.

మన సంఘసభ్యులు గుర్తుపెట్టుకోవలసినవి నాలుగు మనవి చేసి ముగిస్తాను.

ఒకటి, యు.డి.ఐ.డి. కార్డు. దేశమంతటా చెల్లే గుర్తింపు. నలభై శాతం గాని ఆపైన గాని ఉంటే సౌకర్యాలకు అర్హత. ఎనభై గాని ఆపైన గాని ఉంటే తీవ్ర వైకల్యం కింద లెక్క. జబ్బు పేరు కాదు, జబ్బు ఏంచేసిందో బోర్డువారికి వివరంగా చెప్పాలి. మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పాలి.

రెండు, పరికరాలకు 1981 నుంచి ఉన్న కేంద్ర పథకం, అడిప్ అంటారు. 2014 సవరణలో మోటారు బండ్లతోపాటు మోటారు కుర్చీలు కూడా చేర్చారు. ఆదాయ పరిమితి ఉంది. దరఖాస్తులో 'బండి' అని కాక 'కుర్చీ' అని స్పష్టంగా రాయండి. ఒక్క మాట తేడాకు వేపచెట్టు కింద ఇనుము మిగులుతుంది.

మూడు, రాష్ట్ర పింఛను. మన రాష్ట్రంలో 2024లో వికలాంగుల పింఛను ఆరు వేలకు, పూర్తిగా మంచానికి గాని చక్రాల కుర్చీకి గాని పరిమితమైన పక్షవాతం, కండర క్షీణత వంటి కేసులకు పదిహేను వేలకు పెంచారు. మీ వీధిలో అర్హులెవరున్నారో కనుక్కోండి.

నాలుగు, ఇది మనదే. ఫ్యామిలీ పెన్షన్. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుకుకో కూతురుకో వయోపరిమితి లేకుండా జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ పొందే వీలు మన నిబంధనలలో ఉంది. మా చెల్లెలు రాత్రిళ్ళు నిద్రపోక అడిగే ప్రశ్న ఒకటే: 'నా తర్వాత దీనికెవరన్నా?' మనుషుల సంగతి నేను చెప్పలేను. కాగితం సంగతి చెప్పగలను. మనం బతికి ఉండగానే కుటుంబ వివరాలలో ఆ బిడ్డ పేరు, వైద్య ధ్రువపత్రం చేర్పించాలి. మనం పోయాక ఆ బిడ్డ కుర్చీలో కూర్చుని ఏ మెట్ల కింద ఎదురుచూడాలి? మా బావగారు ఆ పని చేయకుండానే పోయారు. నేను ఎనిమిది నెలలు తిరిగి చేయించాను. ఎనిమిది నెలలు తిరగగల మేనమామ అందరికీ ఉండడు.

చివరిగా ఒక ప్రతిపాదన. మనకు తెలిసిన విద్య ఒక్కటే, ఫారాలు నింపడం. మన సంఘం గదిలో ప్రతి నెలా పింఛను పడిన తర్వాత వచ్చే తొలి ఆదివారం ఉదయం ఒక బల్ల వేద్దాం. వికలాంగుల దరఖాస్తులు ఉచితంగా రాసిపెడదాం. రాలేనివారి ఇంటికి మనమే పోదాం. ట్రెజరీ, రెవెన్యూ, విద్య, వైద్యం, ఇన్ని శాఖల అనుభవం ఈ హాలులో కూర్చుని ఉంది. ఎక్కడ కొర్రీ పడుతుందో మనకు తెలిసినంత మరెవరికి తెలుసు? వేసింది మనమే గదా! మొదటి ఆదివారం ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను. గది ముందున్న రెండు మెట్లకు వాలుబాట ఖర్చు కూడా నాదే. మేస్త్రీతో మాట్లాడాను.

1998లో వచ్చినాయన ఊరు గుర్తుంది, పేరు గుర్తులేదు. ఆ ఊరికి రెండుసార్లు పోయి విచారించాను, ఆచూకీ దొరకలేదు. ఆయనకు బాకీపడ్డ ఆ ఒక్క లైను ఇంకెవరి దరఖాస్తులోనైనా రాయాలని నా కోరిక.

నిన్న బయల్దేరేముందు మా మేనకోడలు అడిగింది, 'ఏం మాట్లాడతావు మామా?' అని. 'నీ కుర్చీ గురించి' అన్నాను. 'ఐతే మెట్లు లేని హాలు చూసి పెట్టమనండి ఈసారి, నేనే వచ్చి మాట్లాడతా' అంది.

వచ్చే సంవత్సరం ఈ మైకు ఆమెకు ఇప్పించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.